చేపబల్లి ఆల్టరేషన్

మెట్ల కింద ఉన్న ఆ దుకాణంలో నిలబడితే తల మూడో మెట్టుకి తగులుతుంది. అందుకని ఆల్టరేషన్ అక్క ముప్పై ఒక్క ఏళ్ళుగా అక్కడ కూర్చునే ఉంది. కుడిపక్క తాళాలు చేసేవాడు, ఎడమపక్క జిరాక్సు మిషను, నెత్తిమీద పైఅంతస్తు వాళ్ళ చెప్పుల చప్పుడు. బయట ఒక రేకు బోర్డు: "ఇక్కడ కొత్త బట్టలు కుట్టబడవు." దుకాణం తెరిచి ఫలానా పని చెయ్యం అని బోర్డు కట్టుకున్న మనిషి ఆ వీధి మొత్తానికి ఈమె ఒక్కతే.

ప్యాంటు పొడుగైతే తగ్గిస్తుంది, నడుము బిగుతైతే వదులు చేస్తుంది, అన్న కోటు తమ్ముడికి సరిచేస్తుంది. పని మొదలుపెట్టే ముందు ఆమెకో అలవాటు ఉంది. బట్ట తిరగేసి, మొట్టమొదట కుట్టినవాణ్ణి తిడుతుంది, లేబులు కనబడితే పేరు పెట్టి మరీ తిడుతుంది. "ఎవడు కుట్టాడో గానీ, వీడి కత్తెర మొద్దుబారిపోను, కుట్టు లోపల వేలెడు గుడ్డ కూడా వదల్లేదు. తొడుక్కున్నవాడు జన్మంతా ఇంతే సన్నంగా ఉంటాడనుకున్నాడా?" అంటుంది. ఆమె లెక్కలో దర్జీలు రెండే రకాలు: కుట్టు లోపల గుడ్డ వదిలేవాళ్ళు, వదలనివాళ్ళు. వదిలాడంటే, తన తర్వాత ఇంకొకరెవరో ఈ కుట్టు విప్పుతారని వాడు ఒక్క క్షణమైనా ఆలోచించాడన్నమాట. అలాంటివాడు తగిలితే మాత్రం తిట్టదు. "మంచి మనిషి" అంటుంది. ఇన్నేళ్ళలో ఆ మాట రెండుసార్లే అంది.

మరి ఈమె లేబులో? ఉంది. బిస్కెట్ల డబ్బాలో ఐదువందలు ఉన్నాయి. పెళ్ళయిన కొత్తలో "నేను దుకాణం పెడతానండీ" అని నోరు జారితే, మొగుడు మర్నాడే వెళ్ళి ఆమె పేరుతో ఎర్రదారంతో లేబుళ్ళు నేయించుకొచ్చాడు. ఆ ఉత్సాహంలో ఆమె తన మేనమామకి కొత్త గుడ్డ కొని ఒక కోటు కుట్టింది. అంతా బాగానే వచ్చింది గానీ, చేతులు రెండూ ఎడమచేతివే కత్తిరించింది. మేనమామ ఒక్క మాట అనలేదు. ఆ కోటే తొడుక్కుని ఆఫీసులో పదవీ విరమణ ఫోటో దిగాడు. ఫోటోలో ఆయన కుడిచెయ్యి వెనకనుంచి ఎవరో పిలిస్తే అటు వెళ్ళబోతున్నట్టు ఉంటుంది. తిట్టి ఉంటే ఈమె మర్చిపోయేది. తిట్టకపోవడం వల్ల కొత్త గుడ్డంటేనే భయం పట్టుకుంది. ఆ కోటు మీద లేబులు వెయ్యలేదు, ఆ తర్వాత దేనిమీదా వెయ్యలేదు. ఇంకొకరు కుట్టిన బట్ట సరిచేసి సొంత పేరు వేసుకోవడం ఈ వృత్తిలో దొంగతనం కింద లెక్క.

దాంతో ఆ పేరు డబ్బాలోనే ఉండిపోయింది. వీధికంతా ఆల్టరేషన్ అక్క, మొగుడికి "ఏమే", కరెంటు బిల్లు మీద మొగుడి పేరు. ఏడాదికోసారి డబ్బా మూత తీసి, లేబుళ్ళకి చెదలు పట్టలేదు కదా అని చూసుకునేది. చూసుకున్న రోజున మనసు బాగుండేది కాదు. ఒక్కటంటే ఒక్కటి, చచ్చేలోగా దేనిమీదైనా వెయ్యాలని ఉండేది.

ఇలా ఉండగా ఒకరోజు మ్యూజియం మేడమ్ ప్యాంటు పట్టుకుని వచ్చింది. రెండు వీధుల అవతల ఉన్న మ్యూజియానికి ఆవిడే పెద్ద. ప్యాంటు జిప్పు సంగతి చెబుతూ చెబుతూ తన గోడు వెళ్ళబోసుకుంది.

"కొత్త గది తెరవాలక్కా, ఇరవై ఒక్క రోజుల్లో. అందులో ఒక జంతువు బొమ్మ ఉండాలి. లోపలి చట్రం తయారైంది, దాని మీద తోలు కుట్టేవాళ్ళే లేరు. పెద్ద కంపెనీవాళ్ళు వస్తామని చెప్పి చెయ్యిచ్చారు."

"ఏం జంతువమ్మా?"

"ఇక్తియోసార్. కోట్ల ఏళ్ళ కిందటే అంతరించిపోయింది. చేప కాదు, బల్లి జాతిదే, కానీ సముద్రంలోకి దిగి చేపలా తయారైంది. మా సారువాళ్ళు దాన్ని చేపబల్లి అంటారు."

"అంటే నేలమీద బల్లిని నీళ్ళకోసం ఆల్టర్ చేశారన్నమాట," అంది అక్క.

మేడమ్ కళ్ళు మెరిశాయి. గోడమీద పలక పెట్టిస్తాం, కుట్టినవాళ్ళ పేరు రాయిస్తాం అంది. అక్క ప్యాంటు మడతపెడుతూ, నిజానికి మడతపెట్టాల్సిన అవసరమేం లేదు, "లోపల చిన్న లేబులు వేసుకోవచ్చా అమ్మా?" అని అడిగింది. "లోపల మీ ఇష్టం, ఎవరు చూడొచ్చారు," అంది మేడమ్. అక్క రేపు చెబుతానంది. ఆ సాయంత్రం మొగుడు సంగతి విని, బోర్డు మీద "కొత్త బట్టలు" అన్నదాని పక్కన సుద్దముక్కతో "మనుషులకి" అని చేర్చాడు. ఆయన ఊరి ఈతకొలను దగ్గర టికెట్లు చింపే ఉద్యోగంలో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాడు. తేలికగా తీసుకోవడం ఆయనకి అలవాటైపోయింది.

మ్యూజియం వెనక షెడ్డులో నాలుగు మీటర్ల చెక్క చట్రం పడుకుని ఉంది. చేసింది ఎవరనుకున్నారు? అక్క మొగుడికి స్వయానా అన్నగారు, వడ్రంగి బావగారు. ఆయన పనిలో దిట్ట, మాటలో పెళుసు. తన చెక్కకి వంక పెట్టిన మనిషితో ఆర్నెల్లు మాట్లాడడు. అక్క ఆయన ముందు ఎప్పుడూ గొంతు పెంచి ఎరగదు.

ఆ షెడ్డుకి అధిపతి ఎముకల సార్. కళ్ళజోడు నుదుటిమీద పెట్టుకుని కళ్ళజోడు కోసం వెతుక్కునే రకం. ఆయన అక్కని కూర్చోబెట్టి చెప్పాడు: ఇరవై ఐదు కోట్ల ఏళ్ళ కిందట నేలమీది బల్లుల్లాంటివేవో సముద్రంలోకి దిగాయి. మొదట్లో పొడుగ్గా, సన్నంగా ఉండేవి, కాళ్ళు అప్పుడప్పుడే తెడ్లవుతున్నాయి, తోక తాడులా పొడుగు, ఒళ్ళంతా మెలికలు తిప్పుతూ ఈదేవి. మ్యూజియం కమిటీ అడుగుతున్నది ఆ తొలిరకమే. అసలుది మీటరుకి మించదు గానీ, జనానికి బాగా కనబడాలని నాలుగింతలు చెయ్యమన్నారు.

అక్క కొలతల పుస్తకం తీసింది. ఏ కస్టమరునైనా అడిగేవే అడిగింది.

"ఇంకా ఎదుగుతాడాండీ?"

"చచ్చిపోయిందక్కగారూ."

"అది తెలుసు. లావయ్యే వంశమా అని అడుగుతున్నా."

ఎముకల సార్ కళ్ళజోడు దించుకున్నాడు. ఆ ప్రశ్న మీదే దేశవిదేశాల్లో పెద్దపెద్ద పండితులు ఇరవై ఏళ్ళుగా కొట్టుకుంటున్నారని, కొన్ని రకాలు తర్వాత్తర్వాత బాగా గుండ్రంగా అయ్యాయని, చర్మం కింద కొవ్వు ఆనవాళ్ళు కూడా రాళ్ళలో దొరికాయని చెప్పాడు. అయితే వంశంలో లావు ఉంది అని అక్క పుస్తకంలో రాసుకుంది. ఆ పేజీ ఇప్పటికీ ఉంది: "చేపబల్లి. వయసు ఇరవై ఐదు కోట్లు. మెడ లేదు. నడుము లేదు. భుజాలు ఉన్నట్టా లేనట్టా. కూర్చునే పని లేదు."

ఒక్క తాను గుడ్డ ఇచ్చారు. లారీల మీద కప్పే రకం, బూడిదరంగు, ఒకవైపు నున్నటి పూత. బల్లమీద పరిచాక అక్క కత్తెర పట్టుకుని ఎంతసేపు నిలబడిందో చెబితే నమ్మరు, ఎముకల సార్ రెండుసార్లు భోజనానికి పిలిచాడు. కత్తిరించని గుడ్డని అంత దగ్గరగా చూసి ముప్పై ఏళ్ళు దాటింది. ఆమెకి మేనమామ కుడిచెయ్యి కనబడింది. చివరికి ముందుగా కుడివైపు తెడ్డు కత్తిరించి, దాన్ని తిరగేసి, మళ్ళీ తిరగేసి, ఎముకల సార్‌ని చెయ్యి చాపమని తొడిగి చూసి, అప్పుడు గానీ ఎడమవైపు జోలికి పోలేదు. అలవాటుకొద్దీ ప్రతి కుట్టు లోపల నాలుగు వేళ్ళ గుడ్డ వదిలింది. అంతరించిపోయినదానికి అంత వదులెందుకని బావగారు చట్రం అవతలనుంచి గొణిగాడు. ఆమె వినబడనట్టు తర్వాతి కుట్టు మొదలుపెట్టింది.

తొమ్మిదో రోజుకి తోలు తయారైంది. సన్నంగా, పొడుగ్గా, నాలుగు తెడ్డుకాళ్ళతో చట్రానికి అతికినట్టు సరిపోయింది. రెండు కుడులు, రెండు ఎడమలు. అక్క నాలుగుసార్లు లెక్కపెట్టుకుంది. జేబులోంచి ఎర్రదారం లేబులు తీసింది, సూదిలో దారం ఎక్కించింది. సరిగ్గా అప్పుడే మేడమ్ వచ్చింది.

"అక్కా, కమిటీ మారింది. కమిటీ అంటే, వాళ్ళ అభిప్రాయం. మీటరు జంతువుని నాలుగు మీటర్లు చేసి చూపిస్తే అబద్ధమవుతుందట. అందుకని నాలుగు మీటర్ల జంతువునే చేద్దామన్నారు. తర్వాతి రకం, బాగా గుండ్రంగా ఉండేది."

"గుడ్డ?"

"ఉన్నది ఇదే."

అక్క సూదిలోంచి దారం తీసేసింది. బాధ ఏమిటంటే, పని పెరిగినందుకు కాదు. కొత్తది కాస్తా కళ్ళముందే ఆల్టరేషన్ అయిపోయింది. ఆల్టర్ చేసినదానిమీద పేరు వెయ్యకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమం. అది తన సొంత బట్టకి వర్తిస్తుందో లేదో ఆమెకే తెలియలేదు, అడగడానికి ఇంకో ఆల్టరేషన్ అక్క ఊళ్ళో లేదు. లేబులు మళ్ళీ డబ్బాలోకి వెళ్ళింది.

"ఇది మారడానికి వాళ్ళకెంత కాలం పట్టింది సార్?" అని అడిగింది.

"ఐదు కోట్ల ఏళ్ళు అటూఇటూ."

"మనకి పన్నెండు రోజులుంది," అంది అక్క, కుట్లు విప్పే బ్లేడు తీస్తూ.

ఇక ఆ పన్నెండు రోజులు ఆ షెడ్డులో జరిగిన భాగోతం నేను చెప్పడం కాదు, చూసితీరాలి. ఎముకల సార్ కొత్తగా గీసిచ్చిన బొమ్మ చూసి బావగారు చట్రం మార్చాడు. అక్క కాళ్ళలోంచి, తోకలోంచి గుడ్డ తీసి లావులో వేసింది. కాళ్ళ మోచేతులు, మణికట్లు మూసేసి తెడ్లు చేసింది. "లోపల వేళ్ళు ఉంటాయా?" అంటే, ఉంటాయి, ఐదు కాకపోతే ఏడు, ఒక్కో వేలికి ఇరవై కణుపులు, అన్నీ ఒకే చేతిసంచిలో కుక్కినట్టు ఉంటాయి అన్నాడు సార్. పాత చెయ్యే, కొత్తగా ఏదీ తెచ్చి అతికించలేదు. అక్కకి ఇది బాగా నచ్చింది. కొత్త గుడ్డ ఇవ్వకుండా ఉన్నదాంట్లోనే సర్దమన్నారంటే, ఆ చేసినవాళ్ళ మీద ఆమెకి జాలి కూడా వేసింది. వీపుమీద రెక్క దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ వచ్చింది.

"దీనికి ఎముక ఏదీ?" అంది అక్క.

"ఎముక లేదు. రాతిమీద నల్లటి మరక దొరికింది, దాన్నిబట్టి రెక్క ఉందని తెలిసింది."

"మరక చూసి రెక్క కుట్టమంటారు. రేపు నా దగ్గరికి కూర మరకల చొక్కా వస్తే మూడోచెయ్యి కుట్టనా?"

ఎముకల సార్ నవ్వలేదు, ఆలోచించాడు. ఆలోచించడమే ఆయన జబ్బు. ఆయనకి విదేశాలనుంచి ఇద్దరు పండితులు ఉత్తరాలు రాసేవాళ్ళు, ఒకాయన లావు పక్షం, ఇంకొకాయన సన్నం పక్షం. సోమవారం లావాయన ఉత్తరం వస్తే పొట్ట రెండు జానలు వదలమనేవాడు. మంగళవారం సన్నాయన ఉత్తరం వస్తే జానెడు లోపలికి పట్టమనేవాడు. బుధవారం రెండూ కలిసి వచ్చాయి. ఆ రోజు అక్క సార్‌ని షెడ్డు బయట కూర్చోబెట్టి తలుపు గడియ పెట్టింది.

పొట్ట సంగతి తేల్చింది చివరికి ఈతకొలను మొగుడు. ఆదివారం అన్నం క్యారేజీ తీసుకొచ్చి, చట్రం చుట్టూ తిరిగి చూసి, "దీన్ని మెలికలు తిప్పుతూ ఈదిస్తారా ఏంటి? కుదరదే," అన్నాడు.

"మీకేం తెలుసు?"

"ఇరవై రెండేళ్ళుగా అదేగా చూస్తున్నాను. సన్నంగా ఉన్నవాడు నీళ్ళలో ఒళ్ళంతా ఊపుతాడు, రెండు చుట్లకే రొప్పుతాడు. పొట్ట ఉన్నవాడు నడుము కదపడు. పాదాలు మాత్రం ఆడిస్తాడు, సాఫీగా పోతూనే ఉంటాడు. నీళ్ళలో పొట్ట కిందికి జారదు కూడా, నిండుగా చుట్టూ సర్దుకుంటుంది. నువ్వేమో దీనికి బల్లమీద పడుకోబెట్టిన పొట్ట కుడుతున్నావు."

ఇంకా తలుపు అవతలే ఉన్న ఎముకల సార్, "అదే, అదే, సరిగ్గా అదే," అన్నాడు. మధ్యభాగం బిగుసుకుని ఉండి తోక ఒక్కటే ఊపడం, దూరాలు ఈదే పెద్ద చేపలన్నీ చేసేది అదేనట, చేపబల్లులు కూడా చివరికి ఆ తీరుకే వచ్చాయట. దానికి సముద్రం గురించి ఎన్ని పుస్తకాలు చదవాలో, ఈయనకి టికెట్లు చింపుతుంటేనే తెలిసిపోయింది. అక్కకి గర్వం వేసింది, పైకి మాత్రం క్యారేజీలో పచ్చడి పెట్టడం మర్చిపోయారని దెప్పింది.

కొలతకి పొట్ట కావాలి. సిద్ధంగా ఒకటి ఉంది. మొగుణ్ణి ఒప్పించి తోల్లోకి దూర్చి, లోపల దూది కూరి, కింద జిప్పు వేసింది. నిండుగా, చుట్టూ సమంగా, చూడముచ్చటగా వచ్చింది. సుద్దతో గీతలు గీసుకుని జిప్పు లాగితే రాలేదు. లోపలి దూది పళ్ళలో ఇరుక్కుంది. ఆ పరిస్థితిలో మేడమ్ కమిటీలో ముగ్గురిని వెంటబెట్టుకుని దిగింది.

ముగ్గురూ చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగారు. తల ఇంకా పెట్టలేదు కాబట్టి ముందువైపు మొగుడి బట్టతల కొద్దిగా కనబడుతోంది. దాన్ని వాళ్ళు మూతి అనుకున్నారు. అందులో పెద్దాయన పొట్టమీద వేలితో నొక్కి, "ఈ వంపు సహజంగా లేదు," అన్నాడు.

"సహజమేనండీ," అంది చేపబల్లి. "ఇరవై రెండేళ్ళుగా ఇంతే."

పెద్దాయన, మాట్లాడే ఏర్పాటుకి వేరే అనుమతి తీసుకోవాలని మేడమ్‌తో అని, పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోయాడు. జిప్పు తియ్యడానికి తాళాలవాడు రావాల్సి వచ్చింది.

అంతా కుదిరింది, తోక కుదరలేదు. బొమ్మ ప్రకారం తోకకి పైనొక ఆకు, కిందొక ఆకు ఉండాలి, నెలవంకలాగా. వెన్నెముక తిన్నగా రాకుండా తోక దగ్గర చటుక్కున కిందికి వంగి కింది ఆకులోకి వెళ్ళాలి. పై ఆకులో ఎముకే ఉండదు. అక్క ఆ లెక్కనే కుట్టింది. తీరా తొడిగితే కింది ఆకు ఖాళీ సంచిలా వేలాడింది, చట్రం తోక రెండు ఆకుల మధ్య గుడ్డని పొడుచుకుని బయటికి రావడానికి చూసింది. గది తెరవడానికి మూడు రోజులుంది. ఆమె తన కుట్టే తప్పనుకుంది. రెండు ఎడమచేతులు మళ్ళీ వచ్చాయి అనుకుంది. మూడుసార్లు విప్పి మూడుసార్లు కుట్టింది.

అప్పుడు గోడమీద సార్ అంటించిన బొమ్మలు చూసింది. రాళ్ళలో దొరికిన చేపబల్లులు తొమ్మిది, వేరువేరు చోట్లవి. తొమ్మిదింటికీ తోక ఒకే చోట వంగి ఉంది. చట్రానికి మాత్రం గీత గీసినట్టు తిన్నగా ఉంది. సంగతి అర్థమైంది. వంకర కనబడితే సరిచెయ్యడం వడ్రంగం. బావగారు బొమ్మలో వంపు చూసి, గీసినవాడి చెయ్యి వణికిందనుకుని, తోక తిన్నగా దిద్దేశాడు. ఇప్పుడు ఆ మాట ఆయనతో ఎవరు చెప్పాలి?

బావగారు పక్కనే ఉలి నూరుకుంటున్నాడు. అక్క చేపబల్లి వైపు తిరిగింది.

"ఏమ్మా చేపబల్లీ, నీ తోక పుట్టుకతోనే ఇలా ఉందా, పెద్దవాళ్ళెవరైనా సరిచేశారా?"

ఉలి చప్పుడు ఆగింది. బావగారు కూడా చేపబల్లితోనే అన్నాడు, "వంకరగా ఉన్నది తిన్నగా చెయ్యడం తప్పయితే, నలభై ఏళ్ళుగా తప్పే చేస్తున్నానని చెప్పవే ఆమెకి."

"పెద్దవాళ్ళని తప్పుపట్టేంతదాన్ని కాదమ్మా నేను. ఒక్క మాట అడుగుతాను. పదిమంది ప్యాంట్లు ఒకే చోట చిరిగొచ్చాయనుకో, తప్పు ప్యాంట్లదంటామా, వాళ్ళు కూర్చునే కుర్చీదంటామా? తొమ్మిదిమందికీ తోక అక్కడే విరుగుతుందా? అది విరగడం కాదు. మేం జాకెట్టుకి డాటు పట్టమూ, అలాంటిది. గుడ్డని అక్కడ వంచితేనే తర్వాతదానికి ఆకారం నిలబడుతుంది."

ఎముకల సార్ కళ్ళజోడు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు. తర్వాత మెల్లగా, మొదట్లో పండితులు కూడా తోక విరిగిందనే అనుకున్నారని, దొరికిన ప్రతిదానికీ అక్కడే వంగి ఉండటంతో అనుమానం వచ్చిందని, చివరికి చర్మం గుర్తులున్న రాయి దొరికాక గానీ ఒప్పుకోలేదని చెప్పాడు. అంటే పొరబడింది తను ఒక్కడే కాదని బావగారికి తెలిసింది. దాంతో మొహం కాస్త తేటబడింది.

"చదువుకున్నవాళ్ళే తిన్నగా ఉండాలనుకున్నారట, నాదేం తప్పుందే," అని చేపబల్లితో అని, రంపం తీశాడు. సాయంత్రానికి తోక వంగింది. అక్క తోలు తొడిగి లాగింది. కింది ఆకు నిండింది, పై ఆకు దానంతట అదే నిలబడింది. ఆర్నెల్ల మౌనం తప్పిపోయింది.

ఆఖరి రోజు ఉదయం పొట్ట కింది కుట్టు ఒక్కటే మిగిలింది. అక్క ఎముకల సార్‌ని ఒక ప్రశ్న అడిగింది. అన్ని రోజులుగా అది ఆమె మనసులో మెదులుతూనే ఉంది.

"సార్, ఈ తెడ్డు కాలుని ఆల్టర్ చేసిందే కదా. ఆ కాలుని మొదట కుట్టిందెవరు?"

"అదీ ఆల్టరేషనే. అంతకుముందు చేప రెక్క."

"ఆ రెక్క?"

"దానికి ముందు ఇంకేదో మడత. మీరెంత వెనక్కి వెళ్ళినా పాత గుడ్డే కనబడుతుంది అక్కగారూ. కొత్త తాను ఎక్కడా కనబడదు."

"మరి లేబులు ఎవరిది?"

"లేబులు లేదు. ఎవరూ వెయ్యలేదు. పేర్లు మేమే పెట్టుకున్నాం."

అక్క చాలాసేపు చేతిలో గుడ్డ వైపు చూసింది. అయితే ఇది ఇంకొకరి పేరు మీద తన పేరు వెయ్యడం కాదు, దొంగతనం కాదు. డబ్బా తెచ్చుకుంది. పొట్ట కింద, కుట్టు లోపల వదిలిన గుడ్డమీద, ఎర్రదారం లేబులు నాలుగువైపులా కుట్టింది. అది కుడుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సార్ ఎదుట ఏడవడం ఇష్టంలేక, పూత వాసన పడటం లేదంది. తర్వాత కింది కుట్టు మూసేసింది.

గది తెరిచారు. జనం వచ్చారు, చూశారు, డాల్ఫిన్ అనుకున్నారు. అక్క మొగుడితో కలిసి గోడమీద పలక దగ్గరికి వెళ్ళింది. ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని వెళ్ళింది. పలకమీద పెద్ద అక్షరాల్లో చేపబల్లి గురించి రాసి, చివర చిన్నగా "తోలు: ఆల్టరేషన్ విభాగం" అని ఉంది. మేడమ్ పరిగెత్తుకొచ్చి, పలక రాసేవాడికి ఫోన్లో "ఆల్టరేషన్ అక్క" అని చెబితే, అధికారికంగా ఉండదని వాడే విభాగం చేశాడని, అసలు మీ పేరేంటక్కా, నాకూ తెలియదే అని నొచ్చుకుంది. అక్కకి ఒళ్ళు మండింది, ఆ మంట చల్లారాక ఏడుపొచ్చింది. "పరవాలేదమ్మా," అని మాత్రం అంది. దారి పొడుగునా మొగుడు ఆ పలక రాసేవాణ్ణి తిట్టుకుంటూ వచ్చాడు.

ఎనిమిది నెలలు గడిచాయి. అక్క మెట్ల కింద ప్యాంట్లు తగ్గిస్తూనే ఉంది. పలక మార్చడానికి కమిటీ అనుమతి కావాలన్నారు, మాట్లాడే ఏర్పాటు అనుమతి తేలాక దాని సంగతి చూస్తామన్నారు. ఒక మధ్యాహ్నం మ్యూజియం వ్యాను దుకాణం ముందు ఆగింది. ఇద్దరు మనుషులు బూడిదరంగు మూట ఒకటి మోసుకొచ్చి, జిరాక్సువాడి దారికి అడ్డంగా పడేశారు. పైన ఎముకల సార్ చీటీ ఉంది: లావాయన దగ్గరనుంచి కొత్త ఉత్తరం వచ్చింది, పొట్ట ఇంకో జానెడు వదలాలి, వీపుమీద రెక్క కొంచెం వెనక్కి జరపాలి, క్షమించాలి.

తోలు మడతలుగా పడి ఉంటే అది అదేనని ఆమెకి అనిపించలేదు. దుమ్ము, చిన్నపిల్లల చేతి మరకలు, ఎవరో తెడ్డుమీద పెన్నుతో గీసిన పువ్వు. వేరే ఏ బట్టలాగే దాన్నీ ఒళ్ళోకి లాక్కుని తిరగేసింది. చట్రంనుంచి తియ్యడానికి సగం విప్పిన పొట్ట కింది కుట్టుని బ్లేడుతో పూర్తిగా విప్పుతూ, అలవాటుగా నోరు తెరిచింది.

"ఎవరు కుట్టారో గానీ..."

వేళ్ళకి ఎర్రదారం తగిలింది. ఆమె ఆగిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఊరందరి పేర్లూ చదివిన చోట తన పేరుంది. ఆ పేరుని ఒకసారి లోపల చదువుకుంది, తర్వాత పైకి చదివింది. తాళాలవాడు ఎవర్ని పిలుస్తోందా అని తొంగిచూశాడు.

లేబులు చుట్టూ వేళ్ళతో తడిమింది. కుట్టు లోపల నాలుగు వేళ్ళ గుడ్డ, ఎక్కడా తగ్గకుండా, తోక దాకా ఉంది. జానెడు పొట్ట వదలడానికి కొత్త గుడ్డ అవసరం లేదు.

"గుడ్డ బాగా వదిలింది," అంది అక్క. "మంచి మనిషి."